నడిచే చేపలకు నాలుగడుగుల తొట్టి

మదనపల్లెలో నాకు గాజు అంగడి ఉండేది. కిటికీలకు అద్దాలు కోయడం, దేవుడి పటాలకూ పెళ్ళి ఫోటోలకూ చట్రాలు కట్టడం నా పని. తొంభైలలో ఊళ్ళో డాబా ఇళ్ళు వరసగా లేచాయి. హాల్లో టీవీ, టీవీ పక్కన షోకేసు, షోకేసులో ఒక గూడు, ఆ గూట్లో చేపల తొట్టి. ఇవి లేకపోతే ఇల్లు పూర్తయినట్టు కాదని అందరూ అనుకునే కాలం. నేనూ తొట్లు కట్టడం మొదలుపెట్టాను.

నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇన్ని చేపలు పెంచాలి, వాటికి ఎంత తొట్టి కావాలి అని అడిగినవాళ్ళు ఒక్కరూ గుర్తు లేరు. మేస్త్రీ వదిలిన గూడు కొలత పట్టుకుని వచ్చేవాళ్ళు. గూడు ఇరుకుగా, నిలువుగా ఉంటే తొట్టీ ఇరుకుగా, నిలువుగా ఉండేది. నాకూ అదే నచ్చేది. కిటికీలకు కోయగా మిగిలిన పొడుగాటి ముక్కలు అలాంటి తొట్లకే సరిపోయేవి. గూడు లేని ఇళ్ళవాళ్ళకు కూడా ఎత్తుగా ఉంటేనే ఇంటికి కళ అని చెప్పి అదే అంటగట్టేవాణ్ణి. నీళ్ళ సంగతి కూడా కలిసొచ్చేది. మా ఊళ్ళో కుళాయి ఎన్నాళ్ళకు వస్తుందో తెలియదు, వచ్చినరోజు ఇంట్లో ఉన్న గిన్నె గిన్నెకూ నీళ్ళు పట్టుకోవాల్సిందే. అందుకని తొట్టిని అందరూ బిందెల్లోనే కొలిచేవాళ్ళు. ఎత్తు కనబడాలి, బిందెలు ఎక్కువ పట్టకూడదు. ఆ లెక్కకు సన్నటి, పొడుగాటి తొట్టిని మించింది లేదు.

తొట్టితో పాటు రంగు చేపలూ అమ్మేవాణ్ణి. అవి చచ్చిపోయేవి. మళ్ళీ కొనేవాళ్ళు, మళ్ళీ చచ్చిపోయేవి. మా వైపు ఒక నమ్మకం ఉంది. ఇంట్లో తొట్టిలోని చేప చచ్చిపోతే, ఆ ఇంటికి రావలసిన గండాన్ని తన మీద వేసుకుని పోయిందంటారు. ఆ నమ్మకాన్ని నేను పుట్టించలేదు గానీ నాకంటే బాగా వాడుకున్నవాడు మాత్రం ఆ బజారులో ఉండడు. ఎవరైనా దిగులు ముఖంతో అంగడి మెట్లెక్కితే వాళ్ళు నోరు తెరవకముందే నేను అందుకునేవాణ్ణి, పోనీలేమ్మా, పెద్ద గండం తప్పింది అని. దిగులుగా వచ్చినవాళ్ళు తేలికపడి ఇంకో జత చేపల్ని సంచిలో వేయించుకుని పోయేవాళ్ళు. చేప ఎందుకు చచ్చిందన్న మాట వాళ్ళకూ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

నా ఇంట్లో మాత్రం తొట్టి లేదు. మిఠాయి అంగడివాడు మిఠాయి తినడంటారే, అలాంటిదే అనుకుని నవ్వుకునేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక మా బామ్మర్ది ఆ కొరత తీర్చాడు. కుప్పంలో గ్రానైట్ రాళ్ళు పాలిష్ చేసే చోట పని అతనిది. పని మీద రైలెక్కి బెంగళూరు పోయి వస్తుండేవాడు. వచ్చేటప్పుడు మా పాపకు ఏదో ఒకటి తేకుండా ఉండేవాడు కాదు. పాప అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ తడవ నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచి ఒకటి, గాలి నింపి రబ్బరు బ్యాండు వేసింది, ఒళ్ళో పెట్టుకుని వచ్చి బస్సు దిగాడు. లోపల మూడు విచిత్రమైన జీవాలు ఉన్నాయి. చేపలా తోక, బల్లిలా నాలుగు కాళ్ళు, తలకు రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. నోరు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఉండి, ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉండేవి. వాటిని ఆక్సలాటల్ అంటారని, అమ్మినవాడు నడిచే చేపలని చెప్పాడని బామ్మర్ది అన్నాడు. వీధిలో మాత్రం రెండు రోజులకే మేము బల్లుల్ని పెంచుతున్నామని చెప్పుకున్నారు. పాలు పోసే ఆమె పాపను చాటుకు పిలిచి, అవి మీద పడితే తలంటుకోవాలా, ఒట్టి స్నానం చాలునా అని అడిగిందట.

పాప అడిగిన మొదటి మాట, వీటికి ఎంత తొట్టి కావాలి నాయనా అని. అంతవరకూ ఎవరూ నన్ను అడగని మాట. నేను తడుముకోకుండా, అంగడిలో అమ్ముడుపోక మిగిలిన ఒక తొట్టి ఉంది, అది చాలా గొప్పగా ఉంటుందని చెప్పాను. అడుగున్నర పొడవు, ఒక అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. తెచ్చి హాల్లో పెట్టి, అడుగున రంగు రాళ్ళు పోసి, పైన ట్యూబులైటు బిగించాను. వచ్చినవాళ్ళంతా తొట్టిని చూసి ఆహా అన్నారు. అవి మూడూ అడుగుకు పోయి, ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని పడుకున్నాయి. పైన రెండడుగుల నీళ్ళు ఊరికే మెరుస్తూ ఉన్నాయి.

వాటి తిండి వానపాములు. మా ఆవిడ పుట్టింటివాళ్ళ టమాటా తోటలో, నీళ్ళ పైపుల కింద తడి మట్టి తవ్వి పాప డబ్బాలో తెచ్చుకునేది. వానపాము ముక్క పడగానే మూడు తలలూ ఒకేసారి లేచేవి. చూపు అంతంత మాత్రమట వాటికి. ఏది కదిలితే దాన్ని నోటితో లాగడమే. ఒక పొద్దున చూస్తే అన్నిటికంటే చిన్నదానికి ముందు కాలు ఒకటి లేదు.

పాప నన్ను లేపి చూపించింది. నేను నిద్ర కళ్ళతోనే, ఏళ్ళ తరబడి అలవాటైన మాట అనేశాను.

"పోనీలేమ్మా, మనింటికి రావాల్సిన గండం దాని కాలితో పోయింది."

పాప నా వైపు తిరిగింది.

"మరి దాని గండం ఎవురు తీసుకుంటారు నాయనా?"

వెక్కిరింపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళకో చెప్పిన మాట, ఒక్కరూ తిరిగి ప్రశ్న వేయలేదు. అంగడికి పొద్దు పోయిందని చెప్పి చొక్కా తగిలించుకుని బయటపడ్డాను.

బామ్మర్దికి ఫోను చేస్తే కంగారు పడొద్దని, వాటికి కాళ్ళు మళ్ళీ మొలుస్తాయని చెప్పాడు. నేను నమ్మలేదు గానీ పాప నమ్మింది. అయితే ఉన్న కాళ్ళయినా మిగలాలి కదా. గాజు పనివాడికి ఏ చిక్కు వచ్చినా ఇంకో గాజు ముక్క పెడితే తీరిపోతుందనే తోస్తుంది. రెండు పలకలు కోసి తొట్టి మధ్యలో నిలబెట్టి మూడు గదులు చేశాను. కొరుక్కోవడం ఆగిపోయింది. నేను మీసం దువ్వుకున్నాను. మూడు రోజులు తిరక్కముందే చిన్నది తిండి మానేసింది. ఆ గదిలో అది తిరగాలంటే తోక మడవాలి. దాని మొప్పలు ముందుకు వంగిపోయాయి, ఒళ్ళు పైకి తేలసాగింది. దించితే దిగేది, వదిలితే మళ్ళీ తేలేది.

ఇలాగే ఉంటే అది బతకదని నాకూ తెలుస్తూనే ఉంది. పాప నాతో వాదించలేదు. అసలు మాట్లాడటమే తగ్గించింది. నేరుగా వాళ్ళ మామకు ఫోను చేసి, ఆదివారం వచ్చి పెద్దవి రెండింటినీ కుప్పం తీసుకుపొమ్మని చెప్పింది. మా తొట్టి ఒక్కదానికైతే సరిపోతుందేమో, చిన్నదాన్ని ఉంచుకుని బతికించుకుంటానంది. ఇదంతా నాకు మా ఆవిడ చెబితే తెలిసింది. ఆ రెండింటినీ ఎంత ముద్దుగా చూసుకునేదో ఇంట్లో అందరికీ తెలుసు. నా కూతురు నన్ను లెక్కలో నుంచి తీసేసి, ఉన్న గాజుతోనే సర్దుకోవాలని చూస్తోంది. నేనేమో ఊళ్ళో సగం ఇళ్ళకు గాజు కోసినవాణ్ణి.

ఆదివారం లోపల తొట్టి కడగాలని మా ఆవిడ వాటిని మూడింటినీ పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టిలోకి మార్చింది. అది మోకాలెత్తు కూడా ఉండదు గానీ బాగా వెడల్పు. నీళ్ళు రెండు రోజుల ముందు పట్టి ఉంచినవి, చల్లగా ఉన్నాయి. అంగడికి పోబోతూ తొంగి చూశాను. నవ్వే ముఖాలు మూడూ మూడు దిక్కులకు పోయి, వసారాలో దేని చోట అది పడుకున్న కుక్కల్లా సర్దుకుని ఉన్నాయి. కొంతసేపటికి ఒకటి లేచి మెల్లగా నడిచి ఇంకోదాని దగ్గరదాకా పోయి, పక్కకు తిరిగి, తన చోటికి తాను వచ్చేసింది. చిన్నది మూడు కాళ్ళతోనే గోడ వెంబడి నడుస్తోంది. తేలడం లేదు.

"సూడు, వాటికి నీ ఎత్తు యాల? అవి ఎగరవు కదా. నడవను నేల కావాల," అంది మా ఆవిడ, బట్టల మూట పక్కన పెట్టి. ఆ తొట్టి తనకు మధ్యాహ్నంలోగా కావాలని, ఎండ అందులోకి వస్తుందని, పిల్లి కూడా అప్పుడే గోడ ఎక్కి కూర్చుందని అదే ఊపులో చెప్పింది.

ఆ రోజు అంగడి తీయలేదు. టేపు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అవి ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉంటున్నాయో కొలిచాను. పదేళ్ళుగా తొట్లు కడుతున్నవాణ్ణి, తొట్టిలో ఉండేదాన్ని కొలవడం అదే మొదటిసారి. ఎండ ఎక్కకముందే వాటిని వెడల్పాటి టబ్బుల్లో వేరువేరుగా సర్ది, వేరుశనగ మూటలు పెట్టుకునే వెనక గదిలోకి పోయాను. ఎండ తగలని గది అది. మూటలు ఒక మూలకు జరిపి, నేల మీద చాక్‌పీసుతో గీత గీశాను. మూడడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు. చూసుకుంటే పెద్దదిగానే అనిపించింది. అట్టముక్కలతో వాటి సైజులో మూడు బొమ్మలు కోసి, గీత లోపల పెట్టి జరుపుతూ కూర్చున్నాను. పెరిగితే జానెడు పైన అవుతాయని బామ్మర్ది చెప్పింది గుర్తొచ్చి, బొమ్మల్ని పెద్దవి చేసి మళ్ళీ కోశాను.

బడి నుంచి వచ్చిన పాప గుమ్మంలో నిలబడి చూసింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఒక పక్క గీతను పాదంతో తుడిచేసి, నా చేతిలో చాక్‌పీసు తీసుకుని ఇంకో అడుగు దూరంగా గీసింది. వెడల్పు గీతను కూడా అరడుగు జరిపింది. బొమ్మల్ని మూడు చోట్ల పెట్టి, ఒకదాన్ని వేలితో నడిపించి, రెండోదానికి తగలకుండా వెనక్కి తిప్పి చూసింది. సరిపోయింది. ఎత్తు అడుగుంపావు ఉంటే చాలనుకున్నాం. అనుకున్నాం అంటున్నాను గానీ, నేను చేత్తో చూపిస్తే ఆ పిల్ల తల ఊపింది, అంతే.

అంత తొట్టికి సన్న గాజు ఆగదు. అంగడిలో దళసరి గాజు ఒకే ఒక్క పలక ఉంది. అంగడి ముందు కొత్త కౌంటరు వేసుకోవాలని బెంగళూరు నుంచి తెప్పించి, గీత పడకుండా గోనె పట్టలు చుట్టి దాచుకున్నది. ఆ కౌంటరు గురించి బజారంతా చెప్పుకున్నాను. గోనె విప్పుతూ ఉంటే చేతులు కొంచెం మొరాయించాయి. విప్పి, కోశాను.

తొట్టి ఆకారం తేలగానే పక్క అంగళ్ళవాళ్ళు మూగారు. టీ కొట్టాయన చుట్టూ ఒక తడవ తిరిగి చూశాడు.

"ఎవురన్నా పోయినారా అప్పా? ఫ్రీజరు పెట్టె చేస్తాండావు?"

మా ఇంట్లో బల్లులకని చెప్పాను. శవాన్ని పెట్టే పెట్టె అనుకున్నప్పుడు ఉన్న గౌరవం కూడా ఆయన ముఖంలో మిగల్లేదు.

ఆదివారం బామ్మర్ది వచ్చేటప్పటికి తొట్టి వెనక గదిలో సిద్ధంగా ఉంది. నిండితే రెండు వందల కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి, కింద వేయడానికి అతనే అంచు విరిగిన గ్రానైట్ బండ ఒకటి వ్యానులో ముందే పంపించాడు. నేను గర్వంగా ఇక వేసేద్దామన్నాను. పాప తొట్టిలోకి తల పెట్టి వాసన చూసింది. మూలలకు పెట్టిన జిగురు పుల్లటి వాసన ఇంకా కొడుతోంది.

"వాసన పోయేదాకా ఇవి మామ దగ్గర ఉండనీ నాయనా. నీళ్ళు పోసి ఒక వారం పెట్టు. కారకుండా ఉంటే అప్పుడు తెద్దాం. మూడూ."

మూడూ అని విడిగా అంది. అది చాలు నాకు. అయినా అవి మూడూ బకెట్లో కుప్పం బస్సెక్కుతుంటే, తిరిగి వస్తాయన్న నమ్మకం ఆ పిల్లకు పూర్తిగా లేదని తెలిసిపోయింది. నా మాట మీద అంతకుముందు ఒకసారి నమ్మకం పెట్టుకుని చూసింది మరి.

నీళ్ళు పోశాను. మర్నాటికే వెనక మూల నుంచి సన్నగా కారింది. తుడిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎవరికో అమ్మిన తొట్టి అయితే అదే చేసేవాణ్ణి, పైన ఇంత జిగురు పూసి పంపేవాణ్ణి. నీళ్ళన్నీ బిందెలతో తోడి, మొక్కలకు పోసి, మూల మొత్తం బ్లేడుతో గీకి మళ్ళీ అతికించాను. వారం లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. మా ఆవిడ నీళ్ళ బిందెల వైపు చూసి నిట్టూర్చింది గానీ అడ్డు చెప్పలేదు.

వాటిని తేవడానికి నేనే కుప్పం పోయాను. బామ్మర్ది వాటిని పనిచేసే చోట పాత రాతి తొట్టిలో పెట్టి బాగానే చూసుకున్నాడు. చిన్నదానికి కాలు పోయిన చోట మొగ్గలాంటిది వచ్చి, దాని చివర వేళ్ళు కూడా పొటమరించాయి. వంగి చూస్తూ ఉండిపోయాను. నాకు తెలిసి, నేను పాడుచేసింది తనంతట తాను బాగుపడటం అదొక్కటే. బయలుదేరబోతుంటే బామ్మర్ది ఇంకో సంచి తెచ్చాడు. నాలుగోది, తెల్లటిది, చాలా అందంగా ఉంది.

"నాలుగడుగులు చేసినావంట కదా బావా. దీన్నీ ఏసుకో, పాప సంతోషపడతాది."

సరేనని నాలుక చివరిదాకా వచ్చింది. అందమైనదాన్ని ఎక్కడో ఒకచోట ఇరికించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. తర్వాత ఆ చాక్‌పీసు గీతల్లో మూడు బొమ్మలు గుర్తొచ్చాయి. నాలుగోది పెట్టాలంటే ఏదో ఒకటి తోక మడవాలి. వద్దని చెప్పాను. బామ్మర్దికి కష్టంగానే తోచింది.

కుప్పం నుంచి మదనపల్లె దారిలో పుంగనూరు వస్తుంది. అక్కడ బట్టల అంగడి పెట్టుకున్న ఒక పెద్దామె ఉండేది. నా సన్న తొట్లలో అన్నిటికంటే పొడుగాటిది ఆమె ఇంట్లోనే ఉంది. చేపలు పోయినప్పుడల్లా మదనపల్లె దాకా వచ్చి కొనుక్కుపోయేది. బస్సు దిగాలని ముందు అనుకోలేదు. పుంగనూరు వచ్చేటప్పటికి బకెట్ పట్టుకుని దిగిపోయాను.

ఆమె బకెట్లోకి చూసి భయపడలేదు, నవ్వింది. నేను చెప్పాల్సింది చెప్పాను. చేపలు పోయింది గండం వల్ల కాదని, తొట్టి ఇరుకని, పైన గాలి తగిలే చోటు అరచేతంత కూడా లేదని, ఆ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించనే లేదని చెప్పాను. ఆమె చేతిలోని చీర మడతపెట్టి పక్కన ఉంచింది.

"నేను నిన్ను చేపలు యాల సచ్చినాయని అడిగినానా అప్పా? నువ్వే చెప్తివి, గండమని. ఒగటి పోతే సంతోషపడినాను. మళ్ళా పోయా, మళ్ళా పోయా. ఇన్ని గండాలు మా ఇంటికే యాల వస్తాండాయని భయమయి, మావాడు స్కూటరు కొంటానంటే కూడా వద్దంటిని. వాడు ఇప్పటికీ సైకిల్లోనే తిరగతాండాడు."

నేను జనాన్ని తేలికపరిచి పంపుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. తప్పయిందమ్మా అన్నాను. వెడల్పు తొట్టి చేసి తెచ్చిపెడతానన్నాను. ఆమె ముందు కొడుకును కేకేసి, స్కూటరు చూసుకోపొమ్మని చెప్పింది. వాడికి ఏం జరిగిందో అర్థం కాలేదు గానీ, అమ్మ మనసు మారకముందే వెళ్ళిపోయాడు. తర్వాత నా వైపు తిరిగి, చేపలు ఇంక వద్దని, ఆ పొడుగు తొట్టిలో నవరాత్రికి బొమ్మలు పెట్టుకుంటానని, అది మాత్రం చూడ్డానికి చాలా కళగా ఉంటుందని అంది. కాఫీ ఇచ్చి, బకెట్ మీద తడిగుడ్డ కప్పి పంపించింది.

ఇంటికి చేరేటప్పటికి పాప గుమ్మంలోనే ఉంది. బకెట్ మీద గుడ్డ తీసి, వంగి, వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"మామ నాలుగోది ఉండాదని ఫోన్లో చెప్పినాడు," అంది. "తెస్తావనుకున్నా."

"ఇస్తే వద్దన్నాను. చోటు లేదు కదా."

అప్పుడు నా ముఖం వైపు చూసింది. బకెట్‌కు ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టుకోమంది. వెనక గదిలోకి మోసుకుపోయాం. తొట్టి నీళ్ళు చెంబుతో కొంచెం కొంచెం బకెట్లో కలుపుతూ చాలాసేపు కూర్చుంది. చెంబు నాకిచ్చి, నువ్వు కూడా మెల్లగా పొయ్యమంది. నేను పోశాను. అవి అలవాటు పడ్డాక ఒక్కొక్కదాన్నే రెండు దోసిళ్ళలో తీసి వదిలింది. పెద్దవి రెండూ చెరొక చివరకు పోయి పడుకున్నాయి. చిన్నది కొంచెంసేపు పడ్డచోటే ఉండి, మొలుస్తున్న ఆ పొట్టి కాలిని కూడా నేలకు ఆనించి, బయలుదేరి నడిచింది. ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది, ఎవరినీ తాకకుండా తిరిగింది, మళ్ళీ వచ్చింది.

పాప డబ్బా మూత తీసి ఒక వానపామును నా చేతిలో పెట్టింది.

"చిన్నదానికి నువ్వు పెట్టు నాయనా. వేలు దగ్గరికి పెట్టొద్దు, కదిలితే కరిసేస్తాది."